బెదురుబొమ్మ అంగి

మా రాళ్ళగడ్డల గడపలు ఏడు.
అండ్ల రెండిటికి తాళం.
మేస్త్రి అడ్వాన్సు ఇచ్చిండని
దసరా మర్నాడే పుణె బండెక్కిన్రు.

కల్వకుర్తి హాస్టల్ నుంచి
మా అక్క బిడ్డ కృతిక సెలవుకొచ్చి
"రేపు రాత్రి దయ్యాల పండుగ మామా" అన్నది.
"పెత్రమాస అయిపాయె గదనే,
బియ్యమిచ్చినం, కాకికి ముద్ద పెట్టినం,
మళ్ళేం దయ్యాలు?"
"అది చచ్చినోళ్ళ పండుగ.
ఇది భయపడే పండుగ" అన్నది
నాకు తెల్వని లెక్క చెప్పినట్టు.

గుమ్మడికాయ మా దొడ్లదే.
పిల్ల కత్తి పట్టుకున్నదో లేదో
మా అమ్మ బుడ్డమ్మ పొయ్యి కాడికెళ్ళి లేచింది:
"ఆడపిల్ల తొలి గాటు పెట్టొద్దు, మొగోణ్ణి పిల్వు!"
ఊర్లె ఆ పూటకు మొగోడంటే నేనే,
పత్తి బోరాలు లేపి నడుము పట్టి
మంచం మీద పన్నోణ్ణి.
లేచి ఒక్క గాటు పెట్టిన.
కండ్లు, ముక్కు, నోరు
పిల్లలు చెంచాతోని తోడుకున్నరు.
తోడిన గుజ్జంత అమ్మ కూరకు తీస్కపోయింది,
"దయ్యానికి మొఖం చాలు, కండ మనకు."

లోపల దీపం పెడితే
దయ్యం లెక్క లేదు,
పన్ను నొప్పితోని నవ్వే కరెంటు బిల్లాయన లెక్క ఉన్నది.

పిల్లలు నలుగురే.
బిట్టుగాడు యూరియా సంచికి కండ్లు కోసుకున్నడు,
పొట్ట మీద నలభై అయిదు కిలోలని ఇంకా కనవడుతున్నది.
అఖిల మొఖం నిండ పెంకు మసి.
కృతికకు వాళ్ళమ్మ తెల్ల లంగ.
శివమణి మాత్రం మాపటీలి యాడికో ఉరికి
ఒక నీలం అంగి తొడుక్కొని వచ్చిండు,
గల్ల చినిగింది, చేతుల్ల ఇంకా గడ్డి పోసలు.

తాళం లేని గడపలు అయిదు.
అండ్ల నాలుగు వాళ్ళయే.
తమ ఇంటి తలుపు తామే కొట్టిన్రు.
ఏమనాలో తెల్వక
హోళీ నాటి జాజిరి అందుకున్నరు.
అఖిల వాళ్ళమ్మ "ఎవ్వర్రా మీరు?" అని అరిస్తే
అఖిలే ఏడ్పు మొఖం పెట్టింది,
అమ్మ నిజంగనే గుర్తుపట్టలేదేమోనని.
బెల్లం ముక్క దొరికింది, మక్కపేలాలు దొరికినయి,
మా ఇంట్ల గుమ్మడి కూర దొరికింది.

ఇగ మిగిలింది ఈదమ్మ గడప.
మృగశిర చినుకులల్ల
మోటరు డబ్బా కాడ కుర్మయ్య పోయిన కాన్నుంచి
ఆ ఇంట్ల పెద్దగ మాట ఇనవడలే.

నడుము పట్టుకొని నేనూ ఎనకనే ఉన్న.
టార్చి ఆ నీలం అంగి మీద పడింది.
ఎడమ జేబు మీద బీడీ కాలిన బొక్క.
ఈదమ్మ పల్లిచేన్ల నిలవెట్టిన
బెదురుబొమ్మది అది.
దానికంటె ముందు ఎవ్వరిదో
పిల్లగానికి తెల్వదు.
ఆగరా అనేలోపు తలుపు తీసింది.

గుమ్మడి ఎలుగుల
శివమణి చేతులు లేపిండు,
చేతుల కంటె అంగి జేనెడు పొడుగు.
ఆమె అరవలే.
గడప మీద గొంతుకూసున్నది.
"గుండీలు తప్పు పెట్టుకున్నవు" అన్నది.
అన్నీ ఇప్పి
కింది నుంచి ఒక్కొక్కటి మళ్ళ పెట్టింది.
చేతులు మడతపెట్టింది,
రెండు మడతలు, మోచేతి దాంక,
నీళ్ళు కట్టబోయే మనిషికి లెక్క.
ఉడకపెట్టిన పల్లికాయ వేడివేడిది
జేబు నిండ పోసింది.
"పొద్దుగాల మళ్ళ చేన్ల తొడిగి రాపో కొడుకా.
పందులకు పండుగుండదు."

వచ్చేటప్పుడు ఎవ్వరూ జాజిరి పాడలే.
బిట్టుగాడు సంచిలకెళ్ళి అడిగిండు,
"మామా, ఆమె భయపడ్డదా?"
నాకు నడుము నొస్తున్నదన్న.

తెల్లారి ఒడ్డెంట పోతుంటే చూసిన.
సగం పీకిన చేన్ల బెదురుబొమ్మ
చేతులు మడతపెట్టుకొని నిలవడ్డది.
జేబుల రెండు పల్లికాయలు
పిలగాడు మరిచిండో, ఉంచిండో.
ఒక కాకి దాని భుజమెక్కి
జేబుల ముక్కు పెట్టి తీస్కుంటున్నది.

చేతిల రాయి ఉన్నది.
ఇసరలే.